గ్యాస్ మాత్ర అడిగే ముందు

అనంతపురంలో మందుల దుకాణం నడుపుతున్నాను. పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చే బేరం చాలావరకు ఒకటే: "అన్నా, గ్యాస్ మాత్ర ఇవ్వు." నేను ఎదురుప్రశ్న వేస్తాను. ఎక్కడ నొప్పి? తిన్నాక వస్తుందా, తినకముందా? కొందరు విసుక్కుంటారు. కానీ చిన్నపేగు ఒక్కటే సుమారు 6 మీటర్లు ఉంటుంది. చోటు తెలియకుండా మాత్ర ఇవ్వడమంటే చీకట్లో రాయి వేయడమే. అందుకే దుకాణానికి వచ్చే ముందు మీరే చోటు తేల్చుకోండి.

రొమ్ము ఎముక వెనక మంట, పుల్లటి తేన్పులు, పడుకుంటే మరీ ఎక్కువ. ఇది అన్నవాహిక కింది కొస దగ్గరి తగాదా. అక్కడ ఉండే కండరం ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, వెంటనే బిగుసుకోవాలి. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతుంది. ఆదివారం మన సంగతి తెలిసిందే: సంగటి, పొట్టేలు కూర, పైన నెయ్యి వేసిన రెండు ఓళిగలు, ఆ వెంటనే ఫ్యాను కింద నడుం వాల్చడం. కొవ్వు కడుపులోంచి త్వరగా కదలదు. పడుకుంటే ఆమ్లానికి దారి ఇచ్చినట్టే. రాత్రి భోజనం పడకకు రెండు మూడు గంటల ముందే ముగించండి. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. దిండు మీద దిండు వేస్తే పొట్ట మడతపడి ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇంకా మేలు.

ఈ చోటికే ఒక హెచ్చరిక. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కి ఫోను చేసి, వెంటనే ఇసిజి తీయించుకోండి.

మాత్ర వాడే పద్ధతి కూడా చెప్పాలి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి, ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్రలు తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తిండి పడగానే ఆమ్లం తయారుచేసే కణాలు పనిలోకి దిగుతాయి. అప్పటికే మందు రక్తంలో ఉండాలి. ఉగ్గాని, బజ్జీలు ముగించి మాత్ర మింగి, "పని చేయలేదన్నా" అంటే తప్పు దానిది కాదు. అప్పటికప్పుడు మంట తగ్గడానికి సీసాలో వచ్చే యాంటాసిడ్ మందు ఉంది. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి పాంటాప్రజోల్ మింగితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గిపోవచ్చు.

బొడ్డుకు పైన, ఖాళీ కడుపుతో మంట వస్తుంటే లోపల పుండు (అల్సర్) ఉందేమోనని అనుమానించాలి. మనవాళ్లు వెంటనే మిరపకాయ బజ్జీని తిడతారు. కారం మంట పెంచుతుంది, నిజమే, కానీ పుండుకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దీని సంగతి బయటపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఇది ఉంటే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేయాలి. రెండోది నొప్పి మాత్రలు. మోకాళ్లకు డైక్లోఫెనాక్, దాని వల్ల వచ్చిన మంటకు గ్యాస్ మాత్ర, రెండూ ఒకే చీటీలో కొనేవాళ్లు నాకు బాగా తెలుసు. ఆ నొప్పి మాత్ర కడుపు గోడను కాపాడే జిగురును పలచబరుస్తుంది. దాన్ని మార్చమని డాక్టరును అడగండి.

సంగటి ముద్ద మింగాలే గాని నమలకూడదంటారు పెద్దలు. నాకు అభ్యంతరం లేదు. పిండిపదార్థం పని నోట్లో లాలాజలంతో మొదలవుతుంది గాని, చాలాభాగం చిన్నపేగులో క్లోమరసంతోనే జరుగుతుంది. మాంసం ముక్కను మాత్రం అలా మింగకండి, లోపల పళ్లు లేవు. పాలు తాగిన గంటా రెండు గంటలకు ఉబ్బరమైతే పాల చక్కెర పడటం లేదేమో. కొన్నాళ్లు పాలు మాని మజ్జిగతో సరిపెట్టుకుని చూడండి.

ఇక మలబద్ధకం. పెద్దపేగు పని నీటిని పీల్చడం. మలం అక్కడ ఎక్కువసేపు ఆగితే గట్టిపడుతుంది. మన ఎండల్లో చెమటకే సగం నీరు పోయాక, పైన మూడు పూటలా తెల్లన్నం. వంద గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. ఒక పూట సంగటికో కొర్రన్నానికో మారండి, కానీ పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరమే. ఇసబ్గోల్ అనే పీచు పొట్టు వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లు తప్పనిసరి. నీళ్లు చాలకపోతే అది గొంతులోనో పేగులోనో అడ్డుపడవచ్చు. పొద్దున ఏదైనా తిన్న కాసేపటికి పేగు కదులుతుంది, ఆ వేళను బస్సు కోసం వాయిదా వేయకండి.

రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగకపోవడం కనిపిస్తే నా దుకాణానికి రావద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో వస్తే మాత్రం అది పైన ఎక్కడో కారుతున్న రక్తం కావచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.