పగటి కలల పాఠాలు – 3: చిక్కుడుకాయల పది నిమిషాలు

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. పిల్లలు దిక్కులు చూస్తూ కూర్చుంటే "ఏ లోకంలో ఉన్నావ్?" అని అరవకుండా, ఆ టైమ్ కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఓసారి తీయండి. నా దాంట్లో ఎక్కువగా స్నానం, బస్సు కిటికీ, కలిపిన అన్నం ముందు కూర్చోవడం. చేతికి ఏదో పని ఉండి, బుర్రకు పెద్దగా లేని వేళలు. ఈసారి సాధన వాటితోనే.

ముందు కొంచెం సంగతి. మనం ఊరికే ఉన్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు చురుగ్గా ఉంటాయని, బయటి పని మీద దృష్టి పెట్టినప్పుడే అవి నెమ్మదిస్తాయని 2001లో అమెరికాలో మెదడు మీద పరిశోధన చేసే మార్కస్ రెయికిల్ బృందం చూపించింది. పాత జ్ఞాపకాలు తిరగేసేటప్పుడు, రేపటిని ఊహించుకునేటప్పుడు పనిచేసేవీ అవే.

2012లో కాలిఫోర్నియాలో ఇంకో ప్రయోగం జరిగింది. మామూలు వస్తువుతో ఏమేం చేయొచ్చో కాలేజీ విద్యార్థులను అడిగారు. కాసేపాగి అవే ప్రశ్నలు మళ్లీ, వాటితో కొన్ని కొత్తవీ అడిగారు. మధ్యలో తేలిక పని చేసినవాళ్లు, గట్టి పని చేసినవాళ్లకంటే, ఖాళీగా కూర్చున్నవాళ్లకంటే కూడా మెరుగయ్యారు. అదీ పాత ప్రశ్నలకే. కొత్తవాటికి తేడా లేదు. అంటే ప్రశ్న ముందే బుర్రలో పడి ఉండాలి. వాళ్లు పిల్లలు కారు కాబట్టి దీన్ని మందుచీటీలా మాత్రం పట్టుకోకండి.

ఇక సాధన. కొబ్బరి చిప్ప చేతికిచ్చి, "దీంతో ఏమేం చేయొచ్చు?" అని అడగండి. మా అమ్మాయి గరిటె అంది, బొమ్మకు టోపీ అంది, ఆగిపోయింది. ఆగినప్పుడు "ఇంకా ఆలోచించు" అనకండి. చిక్కుడుకాయలు ముందు పోసి, ఓ పది నిమిషాలు ఈనెలు తీయనివ్వండి. టీవీ వద్దు, ఫోన్ వద్దు, మీ కబుర్లూ వద్దు. నాకు కష్టమైంది ఈ చివరిదే.

నేను మళ్లీ అడగనేలేదు. మధ్యలోనే నాలుగు గింజలు చిప్పలో వేసి, అరచేత్తో మూసి ఊపి, "వాన" అంది.

మూడు సాయంత్రాలు చేయండి. చిక్కుడు దొరక్కపోతే బట్టలు మడతపెట్టించండి. ఎక్కాలు మాత్రం వద్దు, అది గట్టి పని. టీచర్ పాఠం చెబుతుండగా వచ్చే పరధ్యానం వేరే సంగతి, అక్కడ నిజంగానే పాఠం పోతుంది. దాని పని నాలుగో పాఠంలో పడదాం.