ఐరోపా దేశాలు సముద్రాలు ఎందుకు దాటాయి: ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకునే పద్ధతి

డిగ్రీ చరిత్ర పత్రంలోనూ, గ్రూప్-1, సివిల్స్ పరీక్షల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఎదురవుతుంది: పదిహేనో శతాబ్దం నుంచి ఐరోపా దేశాలు కొత్త సముద్ర మార్గాలను ఎందుకు వెతికాయి, చేరిన చోట వలస రాజ్యాలను ఎందుకు స్థాపించాయి? ఎక్కువమంది రాసే జవాబు ఒక్కటే. 1453లో ఒట్టోమన్ తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) పట్టుకున్నారు, సుగంధ ద్రవ్యాల దారి మూసుకుపోయింది, దిక్సూచి అందుబాటులోకి వచ్చింది, ధనం, మతం, కీర్తి అనే మూడు ఆశలు నావికులను నడిపించాయి. ఈ వరుసలో అబద్ధాలకంటే అరకొర నిజాలే ఎక్కువ. అందుకే దాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి, పోర్చుగల్ ముందుగా ఎందుకు కదిలింది, అంతకంటే ఎంతో సంపన్నమైన ఇటలీ నగర రాజ్యం వెనిస్ ఎందుకు కదలలేదు అని అడిగితే తడబడతాడు. అలాంటి ఎదురు ప్రశ్నలకూ నిలబడే జవాబును ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందు ప్రశ్నను విడదీయండి

‘ఎందుకు’ అనే ఒక్క మాటలో ఇక్కడ నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఏం కోరి బయలుదేరారు? ఆ దేశమే, ఆ కాలంలోనే ఎందుకు బయలుదేరగలిగింది? ఖర్చు ఎవరు పెట్టారు? సరుకు కొనుక్కొని తిరిగి రాకుండా నేలను ఎందుకు పట్టుకున్నారు? నోటు పుస్తకంలో ఒక పేజీని నాలుగు గడులుగా గీసి, చదివిన ప్రతి విషయాన్నీ వీటిలో ఏ గడికి చెందుతుందో చూసి అక్కడే రాయండి. దిక్సూచి రెండో గడిలోకి వెళ్తుంది, మొదటి గడిలోకి వెళ్లదు. దిక్సూచి ఉంది కదా అని ఎవరూ ఇల్లు విడిచి మహాసముద్రంలోకి వెళ్లరు.

కోరిక, శక్తి ఉన్నంత మాత్రాన వలస రాజ్యాలు పుట్టవని గుర్తుంచుకోవడానికి చైనా ఉదాహరణను పక్కన పెట్టుకోండి. మింగ్ చక్రవర్తుల నౌకాధిపతి జెంగ్ హె 1405 నుంచి 1433 వరకు ఏడుసార్లు హిందూ మహాసముద్ర యాత్రలు జరిపాడు. మొదటి యాత్రలోనే 27 వేల మందికి పైగా వెళ్లారని చైనా రికార్డులు చెబుతాయి. వాస్కో డ గామా 1497లో లిస్బన్ నుంచి తెచ్చినవి నాలుగు ఓడలు, సుమారు 170 మంది మనుషులు. అయినా కాలికట్ తీరంలో చైనా రాజ్యం ఏర్పడలేదు. ఆ దేశానికి సంపద తన నేల మీదే ఉంది, భయం ఉత్తర సరిహద్దులో ఉంది, యాత్రల ఖర్చును తిరిగి రాబట్టవలసిన వర్తకుడు ఎవరూ లేడు. పోర్చుగల్ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. పది లక్షలకు అటూ ఇటూ జనాభా, చాలినంత గోధుమ పండని నేల, బలమైన కాస్టీల్ (నేటి స్పెయిన్‌లోని రాజ్యం) తూర్పున అడ్డు, ముందున్నది అట్లాంటిక్ మహాసముద్రం.

1453ను ఎక్కడ రాయాలి

ప్రతి కారణాన్నీ తేదీతో పరీక్షించే అలవాటు చేసుకోండి. కారణం ఫలితానికి ముందు ఉండాలి. పోర్చుగీసువారు ఉత్తర ఆఫ్రికాలోని సియుటాను పట్టుకున్నది 1415లో. అట్లాంటిక్‌లోని మదీరా దీవిలో వారు స్థిరపడటం మొదలైంది 1420 ప్రాంతంలో. పోర్చుగీసు నావికుడు గిల్ ఎయానెస్ ఆఫ్రికా పశ్చిమ తీరంలోని బొజడోర్ అగ్రాన్ని దాటింది 1434లో. 235 మంది ఆఫ్రికన్ బందీలను పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో దించి పంచుకున్నది 1444లో. ఇవన్నీ కాన్‌స్టాంటినోపుల్ పతనానికి ముందే జరిగాయి. పైగా వెనిస్ వర్తకులు మిరియాలు కొనేది ప్రధానంగా అలెగ్జాండ్రియా, బైరూత్ రేవుల్లో. ఆ రెండూ 1516-17 వరకు ఈజిప్టును ఏలిన మమ్లూక్ సుల్తానుల చేతిలో ఉన్నాయి, ఒట్టోమన్ల చేతిలో కాదు. ఒట్టోమన్లు ఈజిప్టును జయించిన తరువాత కూడా ఆ దారి మూతపడలేదు. పదహారో శతాబ్దం మధ్య నాటికి ఎర్ర సముద్రం మీదుగా మిరియాలు మళ్లీ భారీగా వెనిస్ చేరాయి.

అలాగని 1453ను జవాబు నుంచి పూర్తిగా కొట్టేయనక్కరలేదు. నల్ల సముద్రం చుట్టూ ఇటలీ నగరం జెనోవా వర్తకులకు ఉన్న స్థావరాలు ఆ తరువాతి కాలంలో ఒక్కొక్కటిగా చేజారాయి; 1475లో క్రిమియా తీరంలోని కఫా రేవు కూడా పోయింది. పశ్చిమం వైపు అప్పటికే సాగుతున్న జెనోవా పెట్టుబడికి, చక్కెర సాగు అనుభవానికి ఇది మరింత ఊపునిచ్చింది. లిస్బన్, సెవిల్, మదీరాలలో ఆ వర్తకుల పాత్ర పెరిగింది. కొలంబస్ జెనోవావాడు కావడం, లిస్బన్‌లో కొన్నేళ్లు ఉండటం, మదీరా చక్కెర వ్యాపారంతో అతనికి సంబంధం ఉండటం ఈ నేపథ్యంలో చదివితే అర్థవంతంగా కనిపిస్తాయి. కాబట్టి 1453ను ‘దారి మూసుకుపోయింది’ అని రాయకండి, ‘పెట్టుబడి పశ్చిమానికి మళ్లడాన్ని వేగిరపరచింది’ అని రాయండి. వెనిస్ ఎందుకు కదలలేదన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు దొరుకుతుంది: ఉన్న దారిలోనే లాభం వస్తున్నవారికి కొత్త దారి వెతకవలసిన అవసరం కనిపించలేదు.

డబ్బు ఎవరిదో తప్పక అడగండి

నాలుగు గడులలో విద్యార్థులు ఎక్కువగా ఖాళీగా వదిలేసేది మూడోదే. నా దృష్టిలో మిగతా మూడింటికీ తాళంచెవి అదే. రాజులు యాత్రలకు అనుమతి, బిరుదు, సైనిక రక్షణ ఇచ్చారు. సొమ్ములో పెద్ద భాగం వర్తకుల నుంచి, అప్పుల నుంచి వచ్చింది. అప్పు తెచ్చి ఓడను పంపినవాడికి కొత్త తీరాన్ని చూసి రావడం సరిపోదు, సరుకు కావాలి. 1492 ఏప్రిల్ 17న సాంటా ఫేలో స్పెయిన్ రాజదంపతులతో కొలంబస్ చేసుకున్న ఒప్పందం చూడండి. కనుగొన్న భూములకు వైస్రాయ్, గవర్నర్ పదవులు, అక్కడి నుంచి వచ్చే రాబడిలో పదో వంతు. అంటే ఒక్క దీవినీ చూడకముందే, దొరకబోయే నేలను పాలించే హక్కు, దాని నుంచి వచ్చే వాటా కాగితం మీద నిర్ణయమైపోయాయి. వలస పాలన ఆ తరువాత ఎప్పుడో అనుకోకుండా జరిగిందని వాదించేవారికి ఈ ఒక్క పత్రం చాలినంత సమాధానం.

స్పెయిన్ తరఫున సుగంధ ద్రవ్యాల దీవులకు పడమటి దారి వెతికిన మాగెల్లన్ యాత్ర కూడా ఇదే విషయాన్ని చూపుతుంది. 1519లో ఐదు ఓడలు బయలుదేరాయి. బుర్గోస్ వర్తకుడు క్రిస్టొబల్ డి హారో అందులో పెట్టుబడి పెట్టాడు. మూడేళ్ల తరువాత విక్టోరియా అనే ఒక్క ఓడలో 18 మంది ఐరోపావారు స్పెయిన్ చేరారు. మాగెల్లన్ ఫిలిప్పీన్స్‌లోనే చనిపోయాడు. ఇంత ప్రాణనష్టం జరిగినా, ఆ ఓడలో ఉన్న లవంగాలు అమ్మితే యాత్ర ఖర్చు చాలావరకు తిరిగి వచ్చింది. మనుషులు పోయినా మరో యాత్రకు డబ్బు ఎందుకు దొరికేదో దీనితో తెలుస్తుంది.

తరువాతి శతాబ్దంలో ఈ పద్ధతి కంపెనీల రూపం తీసుకుంది. 1600 డిసెంబరు 31న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాజపత్రం దక్కింది. 1602లో డచ్ కంపెనీ ఏర్పడింది. వాటాలు కొన్న సామాన్యుడికి కూడా దూరదేశపు జాజికాయ మీద ఆసక్తి పుట్టింది. డచ్ కంపెనీకి కోటలు కట్టడానికి, సైన్యాన్ని ఉంచడానికి, రాజులతో సంధులు చేసుకోవడానికి అధికారం ఇచ్చారు. ఒక వర్తక సంస్థ చేతికి రాజ్యాధికారపు పనిముట్లు ఇచ్చిన తరువాత, అది వర్తకానికే పరిమితమవుతుందని ఆశించడానికి ఆధారం లేదు.

మతం గురించి నిజాయితీగా రాయండి

‘మతం పేరు చెప్పి దోచుకున్నారు’ అని ఒక్క వాక్యంలో ముగించడం తేలిక, కానీ అది చరిత్ర కాదు. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పంలో ముస్లిం రాజ్యాలతో శతాబ్దాలు సాగిన యుద్ధం 1492 జనవరిలో గ్రనడా లొంగుబాటుతో ముగిసింది. అదే ఏడాది కొలంబస్‌కు అనుమతి దొరికింది. యుద్ధంలో గెలిచిన నేలను, మనుషులను పంచుకోవడం, గెలుపును దైవకార్యంగా భావించడం ఆ సమాజానికి అలవాటైన విషయాలు. తూర్పున ఎక్కడో ప్రెస్టర్ జాన్ అనే క్రైస్తవ రాజు ఉన్నాడని, అతన్ని కలిస్తే ముస్లిం రాజ్యాలను రెండు వైపుల నుంచీ ముట్టడించవచ్చని పోర్చుగీసువారు మనస్ఫూర్తిగా నమ్మారు. గామా యాత్ర దినచర్యలో, కాలికట్‌లో మొదట ఒడ్డు దిగిన మనిషిని ఏం వెతుక్కుంటూ వచ్చారని అడిగితే, క్రైస్తవులను, సుగంధ ద్రవ్యాలను అని చెప్పినట్టు ఉంది. ఆ రెండూ వారి మనసులో విడివిడిగా లేవు.

అదే సమయంలో మతం చట్టపరమైన సాధనంగా కూడా పనిచేసింది. 1455 నాటి పోప్ ఆజ్ఞ ఆఫ్రికా తీరంలో పోర్చుగల్ గుత్తాధిపత్యాన్ని, క్రైస్తవేతరులను బానిసలుగా చేసుకోవడాన్ని సమర్థించింది. 1494లో టోర్డెసిల్లాస్ ఒప్పందం ద్వారా స్పెయిన్, పోర్చుగల్ కేప్ వెర్డ్ దీవులకు 370 లీగుల పశ్చిమాన గీత గీసి ప్రపంచాన్ని పంచుకున్నాయి. ఆ గీతకు రెండు వైపులా ఉన్న ప్రజలలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు. నమ్మకం మొదటి గడిలోనూ, ఆజ్ఞాపత్రాలు నాలుగో గడిలోనూ రాయండి.

ఓడల గురించి ఎక్కువ రాయనక్కరలేదు. గాలికి ఎదురుగా నడపగలిగే త్రికోణపు తెరచాప, దిక్సూచి, సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబ్, పక్కల నుంచి కాల్చగలిగే ఫిరంగి అని చెప్పి, వీటిలో చాలావరకు అరబ్బులు, చైనావారు ముందే ఎరిగినవని ఒక వాక్యం చేర్చండి. అట్లాంటిక్ గాలుల చక్రాన్ని పోర్చుగీసు నావికులు తరతరాలుగా నేర్చుకోవడం వారి సొంత ఘనత.

బయలుదేరిన కారణం వేరు, ఉండిపోయిన కారణం వేరు

నాలుగో గడి నింపడానికి ఒకే సూత్రం వెతకకండి. చోటును బట్టి కారణం మారింది. గామా ఇచ్చిన టోపీలు, చేతులు కడుక్కునే పళ్లాలు, పగడాలు, తేనె చూసి కాలికట్ రాజు జామొరిన్ మనుషులు నవ్వారు. ఆసియా మార్కెట్‌లో అమ్ముకోవడానికి విలువైన సరుకు ఐరోపా దగ్గర లేదు. సరుకుతో గెలవలేని చోట ఫిరంగితో గెలవాలని పోర్చుగీసువారు నిర్ణయించుకొని, 1510లో గోవాను, 1511లో మలక్కాను, 1515లో హొర్ముజ్‌ను పట్టుకున్నారు; హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడలు తమ అనుమతి పత్రం కొనుక్కోవాలని శాసించారు. వారికి కావలసింది విశాలమైన భూమి కాదు, రేవులు, జలసంధులు.

జాజికాయ, జాపత్రి పండే బాండా దీవులలో (నేటి ఇండోనేషియాలో) డచ్చివారికి గుత్తాధిపత్యం కావాలి. అక్కడివారు ఇతరులకూ అమ్ముతున్నారని 1621లో డచ్ కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కోయెన్ దండెత్తాడు. దాదాపు 15 వేల మంది ఉండేవారని అంచనా వేసే ఆ దీవులలో వెయ్యి మంది వరకే మిగిలారు. తోటలను డచ్చివారికి పంచి, బానిసలతో సాగు చేయించారు.

అమెరికాలో కథ మరో రకంగా నడిచింది. మశూచి వంటి రోగాలు స్థానికులలో అత్యధికులను బలిగొన్నాయి. 1545లో నేటి బొలీవియాలోని పొటోసి వెండి కొండ బయటపడింది. బ్రెజిల్‌లో, తరువాత బార్బడోస్‌లో చెరకు విస్తరించింది. గనికి, తోటకు కావలసింది నేల, నేల మీద నిర్బంధ శ్రమ. అందుకే అట్లాంటిక్ మీదుగా నాలుగు శతాబ్దాలలో దాదాపు 1.25 కోట్ల ఆఫ్రికన్లను ఓడలెక్కించారు, సుమారు 1.07 కోట్ల మంది మాత్రమే ప్రాణాలతో అవతలి ఒడ్డు చేరారు. ఈ అంకెను జవాబు చివరి పేరాలో ఫలితంగా రాసేవారు ఎక్కువ. నేను మాత్రం దీన్ని కారణాలలోనే రాయమంటాను, ఎందుకంటే మదీరాలో చెరకు, బానిస శ్రమ కలిసి లాభం ఇస్తాయని తెలిసిన తరువాతే ఆ నమూనా సముద్రం దాటింది.

మన తీరం మరో ముఖ్యమైన విషయం నేర్పుతుంది. లవంగాల దీవులలో వెండికంటే కోరమండల్ బట్టకు గిరాకీ ఎక్కువని తెలుసుకొని 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నం చేరారు. బందరులో వలందపాలెం (డచ్చివారిది), ఇంగ్లీషుపాలెం, పరాసుపేట (ఫ్రెంచివారిది) అనే పేర్లు నేటికీ ఆ జాడను నిలుపుకొన్నాయి. గోల్కొండ రాజ్యం బలంగా ఉన్నంతకాలం వారంతా అనుమతి అడిగి, సుంకాల మీద బేరమాడి బతికిన వర్తకులే. దక్కనులో వారసత్వ పోరాటాలు ముదిరిన తరువాత 1753లో ఫ్రెంచివారికి ఉత్తర సర్కారులు దక్కాయి, 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నం కోటను పట్టుకున్నారు. కాబట్టి నాలుగో గడిలో ఐరోపావారి ఉద్దేశంతో పాటు, ఎదురుగా ఉన్న రాజ్యం ఎంత గట్టిగా ఉందో కూడా రాయాలి.

పంతొమ్మిదో శతాబ్దపు ఆఫ్రికా పంపకాన్ని ఈ జవాబులో కలిపేయకండి. 1884-85 బెర్లిన్ సమావేశం, ఆవిరి ఓడ, క్వినైన్, రబ్బరు, కర్మాగారాల ముడిసరుకు వేరే కాలానికి చెందినవి. ప్రశ్నలో కాలం చెప్పకపోతే వాటికి విడిగా ఒక పేరా కేటాయించండి.

పద్ధతి వంటబట్టిందో లేదో చూసుకోవడానికి ఒక సాధన చేయండి. 1607లో ఇంగ్లీషువారు జేమ్స్‌టౌన్‌లో, 1608లో ఫ్రెంచివారు క్విబెక్‌లో స్థిరపడ్డారు. ఖండం ఒకటే, కాలం ఒకటే. అయినా 1663 నాటికి క్విబెక్ ప్రాంతంలో ఫ్రెంచి జనాభా సుమారు మూడు వేలే, వర్జీనియాలో ఇంగ్లీషువారు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. రెండింటికీ విడివిడిగా నాలుగు గడులు నింపండి. మొదటి మూడు గడులు చాలావరకు ఒకేలా వస్తాయి. నాలుగో గడి దగ్గర ఫ్రెంచివారు కొన్నది బీవర్ తోలు అని, దాన్ని వేటాడి తెచ్చేది స్థానిక తెగలేనని, ఇంగ్లీషువారు పండించింది పొగాకు అని, దానికి ఏటేటా కొత్త నేల కావలసి వచ్చిందని రాయగలిగితే, స్నేహం ఎక్కడ నిలిచిందో, యుద్ధం ఎక్కడ మొదలైందో మీ గడులే చెబుతాయి.