ట్రైపాడ్ కదలకూడదు: పాలపుంతనూ నేలనూ కలిపి ఒక ఫొటో చేసే పద్ధతి

చుక్కల ఆకాశాన్నీ దాని కింద ఉన్న నేలనూ ఒకే క్లిక్కులో పట్టుకోవడం ఏ కెమెరాకైనా కష్టమే. చుక్కలు చుక్కల్లా రావాలంటే లెన్స్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 3200 పెట్టి, 14 ఎంఎం లెన్స్ మీద 20 సెకన్లలో ముగించాలి. ఇంకాసేపు తెరిచి ఉంచితే భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు గీతలవుతాయి. తీరా ఆ ఫ్రేములో కింద చూస్తే గుట్టలు నల్లటి ముద్ద, దాన్నిండా ఇసుక చల్లినట్టు నాయిజు. అందుకని ఆకాశానికి కొన్ని ఫ్రేములు, నేలకు ఒకటి విడిగా తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుతాం.

నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. అన్నీ ఒకే రాత్రి, ఒకే చోట, ట్రైపాడ్ కదలకుండా తీసినవై ఉండాలి. లడఖ్ ఆకాశాన్ని తెచ్చి మన గుట్ట మీద అతికిస్తే పాలపుంత వాలే అబద్ధమవుతుంది. అనంతపురం నుంచి చూస్తే పాలపుంత నడిబొడ్డు దక్షిణాన దాదాపు 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, లడఖ్‌లోని లేహ్‌లో 27 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడి నేలకు అక్కడి ఆకాశమే సరిపోతుంది.

మా కళ్యాణదుర్గం వైపు చెరువు గట్టు మీద దక్షిణానికి తిరిగి నిలబడితే ఎదురుగా నీళ్లు, ఆ వెనక రాతి గుట్టలు, ఒక పక్కన తాటిచెట్లు. వర్షాలు పడిన ఏడాది ఏప్రిల్‌లో కూడా చెరువులో కాస్త నీళ్లుంటాయి. దూరంగా గాలిమరల ఎర్ర దీపాలు మిణుకుమంటుంటాయి, వాటిని ఫ్రేము బయట పెట్టడం మంచిది. అమావాస్య ఎప్పుడో గోడ మీద క్యాలెండరే చెబుతుంది. ఏప్రిల్ నెలాఖరు అమావాస్యకు తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో నడిబొడ్డు దక్షిణాన అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. వృశ్చిక రాశిలో ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రాన్ని, దాని కింద తేలు తోక చివర మూల నక్షత్రాన్ని గుర్తుపడితే, మూలకు ఎడమ పక్కనే పాలపుంత బాగా చిక్కగా కనిపిస్తుంది. ముందే చూసుకోవాలంటే ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్‌లో మీ ఊరు, తేదీ, టైము పెట్టండి. ఎండాకాలం రాత్రి గట్టు మీద పురుగూ పుట్రా తిరుగుతాయి. బూట్లు, టార్చిలైటు, తోడు ఒక మనిషి తప్పనిసరి.

చాలామంది సాయంత్రం నేల ఫొటో తీసి, అర్ధరాత్రి దాకా ట్రైపాడ్‌కు కాపలా కాస్తారు. నాకు తెల్లవారుజామే నచ్చుతుంది. మూడున్నర, నాలుగింటికి ఆకాశం తీసి, కెమెరా తాకకుండా గంటన్నర ఆగితే అయిదున్నర దాటాక నేల మీద మెత్తటి నీలి వెలుగు వస్తుంది. నీడలుండవు, గుట్ట మీద ప్రతి బండా తెలుస్తుంది.

ఫోకస్‌కు లైవ్ వ్యూలో ఒక కాంతిమంతమైన చుక్కను పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు తిప్పి, టేపు అంటించండి. ఎఫ్ 2.8, 20 సెకన్లు, ఐఎస్ఓ 3200లో వరసగా 16 ఫ్రేములు, అన్నీ రా ఫైళ్లే, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైళ్లు. 16 కలిపితే నాయిజు నాలుగో వంతుకు పడుతుంది. తర్వాత లెన్స్ క్యాప్ పెట్టి అవే సెట్టింగులతో మరికొన్ని తీయండి. వీటినే డార్క్ ఫ్రేములంటారు, సెన్సర్ సొంత నాయిజును తీసేయడానికి పనికొస్తాయి. వెలుగు వచ్చాక నేలకు ఎఫ్ 8, ఐఎస్ఓ 200 పెట్టి, హిస్టోగ్రాం (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూస్తూ కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. ఫోకస్ రింగు మాత్రం ముట్టుకోవద్దు. ఫోకస్ మారితే బొమ్మ సైజు కూడా కొంచెం మారుతుంది, అంచులు కలవవు. 14 ఎంఎం మీద ఎఫ్ 8లో, ఫోకస్ అనంతం దగ్గర ఉన్నా ఒక మీటరు దూరం నుంచి అంతా స్పష్టంగానే వస్తుంది.

ఇంటికొచ్చాక ముందు చుక్కలు కలపాలి. అందుకు విండోస్‌లో సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆకాశం ఫ్రేములు స్టార్ ఇమేజెస్‌లో, క్యాప్ పెట్టి తీసినవి నాయిజ్ ఇమేజెస్‌లో వేయండి. వరసలో మధ్య ఫ్రేమును బేస్‌గా పెట్టి, స్కై రీజియన్‌లో ఆకాశాన్ని బ్రష్‌తో గుర్తించి, ఫ్రీజ్ గ్రౌండ్ ఎంచుకుని, 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయండి. లెన్స్ కరెక్షన్ (లెన్స్ వల్ల వచ్చే వంపును సరిచేసేది) పెడితే అన్ని ఫైళ్లకూ పెట్టండి, లేదా దేనికీ వద్దు. కొన్నిటికి పెట్టి కొన్నిటికి వదిలేస్తే గుట్ట గీత రెండుగా కనిపిస్తుంది.

ఇక ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్. ఉచితమే, ఈ పనికి చాలు. ఒకదాని మీద ఒకటి పొరలుగా, నేల ఫొటో కింది లేయర్, ఆకాశం పై లేయర్. పైదాని కన్ను గుర్తు ఆపేసి, కింద ఉన్న నేల ఫొటో మాత్రమే కనిపించేలా చేయండి. తెల్లవారే ఆకాశం నీలిగా, ప్రకాశంగా ఉంటుంది, గుట్ట ముదురుగా ఉంటుంది. ఆ తేడాయే మనకు కావలసింది. ఛానెల్స్‌లోకి వెళ్లి, నీలం ఎక్కడెంత ఉందో నలుపు తెలుపుల్లో చూపే బ్లూ ఛానెల్‌కు నకలు తీయండి. ఆ నకలు మీద లెవెల్స్ తెరిచి, నల్ల త్రికోణాన్ని కుడికి, తెల్ల త్రికోణాన్ని ఎడమకు నెమ్మదిగా జరపండి. ఆకాశం పూర్తి తెలుపు, గుట్ట పూర్తి నలుపు అయ్యేదాకా అంతే. మధ్యలో తాటాకుల కొనల దగ్గర మాత్రం కాస్త బూడిద రంగు మిగలనివ్వండి, అదే అతుకు తెలియకుండా కాపాడుతుంది. చేత్తో గీసే ఏ సెలక్షన్‌కూ తాటాకు ఇంత చక్కగా లొంగదు. నీళ్లు కూడా తెల్లగా వస్తాయి కాబట్టి వాటిని నల్ల బ్రష్‌తో కప్పేయండి. ఇప్పుడు పై లేయర్ మళ్లీ కనిపించేలా పెట్టి, దానికి లేయర్ మాస్క్‌గా ఈ ఛానెల్ ఇవ్వండి. మాస్క్ తెల్లగా ఉన్నచోట పై లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది. ఆకాశంలో చుక్కలు వచ్చేస్తాయి.

గుట్ట అంచున సన్నటి తెల్ల గీత కనిపిస్తే, 200 శాతం జూమ్ చేసి, మాస్క్ మీద తెల్ల బ్రష్‌ను ఓవర్‌లే మోడ్‌లో, 20 శాతం ఒపాసిటీతో ఆ గీత వెంట నడపండి. ఓవర్‌లే మోడ్‌లో పూర్తి నలుపు మారదు, బూడిద మాత్రమే తెల్లబడుతుంది. ఓపికంతా ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే. చూసేవాళ్లకు ఫొటో నమ్మబుద్ధి కావడం, కాకపోవడం ఈ అంచు దగ్గరే తేలుతుంది.

నీళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. పైన పాలపుంత, కింద చెరువులో తెల్లవారే వెలుగు! అది పొసగదు. నీళ్ల వరకూ సీక్వేటర్‌లో బేస్‌గా పెట్టిన ఆ ఒక్క రాత్రి ఫ్రేమే తెచ్చి, నాయిజు తగ్గించి, ఇంకో లేయర్‌గా కలపండి. అప్పుడు నీళ్లలో మెరిసే చుక్కలు పై చుక్కలకు సరిపోతాయి.

చివరగా వెలుగు. నేల లేయర్‌ను ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు సగం) తగ్గించి, నీలాన్ని కొంత చంపండి. దక్షిణానికి తిరిగి తీశాం కాబట్టి ఎడమ పక్క తూర్పు, అందుకే వెలుగు రెండు పక్కలా ఒకేలా పడదు. గ్రేడియంట్ మాస్క్‌తో ఎక్కువ వెలుగున్న పక్క ఇంకాస్త దించండి. తూకం చూడటానికి ఫొటోను ఒక్క నిమిషం నలుపు తెలుపు చేయండి. నేల ఆకాశం కన్నా ముదురుగా ఉంటే చాలు. పెళ్లి ఆల్బమ్‌లు ప్రింటుకిచ్చే నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి: చీకటి గదిలో స్క్రీన్ ఎప్పుడూ ఎక్కువ వెలుగుగా అనిపిస్తుంది, ప్రింటేమో నల్లగా వస్తుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ సగానికి దించి, పగలు గదిలో మరోసారి చూసుకుని, ముందు ఒక చిన్న టెస్ట్ ప్రింటు వేయించి, ఆ తర్వాతే పెద్ద సైజుకు వెళ్లండి.