ఇరుకు గ్యారేజీలో పట్టే ఆఫ్‌రోడ్ క్యారవాన్ ఎలా ఎంచుకోవాలి

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్ అనండి, పాయింట్ కుక్ అనండి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే కొత్త కాలనీల్లో స్థలాలు చిన్నవి. ఇంటి పక్క సందు చెత్త బిన్‌లు పెట్టేసరికే నిండిపోతుంది. క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొంటే దానికి మిగిలేది గ్యారేజీలో సగం, లేదంటే డ్రైవ్‌వే. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు షోరూంకి వెళ్ళకండి, టేపు తీయండి. మీ స్థలం కొలతలు చేతిలో పెట్టుకుని బండిని వెతకాలి గానీ, బండి మీద మనసు పడ్డాక స్థలం వెతుక్కుంటే తలనొప్పే.

ఒక కారు పట్టే రోలర్ డోర్ మామూలుగా 2.4 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉంటుంది. మీది అంతే ఉంటుందని అనుకోవద్దు, కొలవండి. అదీ ఒక్క చోట కాదు, నేల దగ్గర, నడుం ఎత్తులో, తల పైన. సందులోనో కార్‌పోర్ట్ (గోడలు లేని కారు షెడ్డు) కిందో పెట్టేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. గోడ నిటారుగానే ఉంటుంది, కానీ వాన నీళ్ళ గొట్టం, దాన్ని పట్టుకున్న క్లాంపు, కరెంటు మీటరు పెట్టె, ఏసీ ఔట్‌డోర్ యూనిట్, చూరు, వీటిలో ఏది ఎక్కువ బయటికి పొడుచుకొస్తే అక్కడున్నదే మీ అసలు వెడల్పు.

ఎత్తు దగ్గర చాలామంది చూసుకోని సంగతి డ్రైవ్‌వే వాలు. రోడ్డు నుంచి గ్యారేజీకి ఎక్కుడుగా ఉందనుకోండి, క్యారవాన్‌ని రివర్స్‌లో ఎక్కిస్తుంటే చక్రాలు ఇంకా వాలు మీద ఉండగానే వెనక భాగం గ్యారేజీ లోపలికి వస్తుంది. అప్పుడది వాలు దారినే పైకి లేచి ఉంటుంది. ప్రతి 10 మీటర్లకి 1 మీటరు ఎక్కే వాలులో, ఇరుసు వెనక 1.5 మీటర్ల బాడీ ఉంటే, ఆ వెనక అంచు దాదాపు 15 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే బ్రోచర్‌లో 2 మీటర్ల ఎత్తు అని చూసి, డోర్ 2.1 కదా సరిపోతుందిలే అనుకుంటే, రూఫ్ వెళ్ళి డోర్ పై అంచుకి గుద్దుకుంటుంది. పల్లంగా ఉన్న డ్రైవ్‌వే అయితే దీనికి తిరగబడి, వెనక భాగం కింద గీసుకుపోతుంది.

పొడవు మాటకొస్తే, 12 అడుగుల క్యారవాన్ అని అమ్ముతారు. ఆ 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు, మామూలుగా బాడీ వరకే. ముందు డ్రాబార్ (కారుకి తగిలించే కడ్డీ), వెనక స్పేర్ టైరు, జెర్రీ క్యాన్ హోల్డరు అన్నీ కలిపితే ఐదు మీటర్లు దాటడం మామూలే. విక్టోరియా ప్లానింగ్ నిబంధనల్లో గ్యారేజీ లోపల కనీసం 6 మీటర్ల పొడవు, ఒక కారుకైతే 3.5 మీటర్ల వెడల్పు ఉండాలని ఉంది, కాబట్టి చాలా ఇళ్ళల్లో పొడవు సరిపోతుంది. పాత ఇళ్ళైతే కొలిచి తీరాలి. వెనక గోడకి అల్మారాలు, ఫ్రీజర్ పెట్టుకున్నవాళ్ళు అవి ఆక్రమించే మేర కూడా తగ్గించి లెక్క వేసుకోండి.

ఇక వెడల్పు. ఆస్ట్రేలియాలో ట్రైలర్ గరిష్ఠంగా 2.5 మీటర్లు ఉండొచ్చు, పెద్ద క్యారవాన్‌లు దాని దగ్గరదాకా వెళ్తాయి. మనకి కావలసింది 1.9 నుంచి 2.1 మధ్యది. చిన్నది కొని సర్దుకుపోతున్నామన్న బాధ అస్సలు అక్కర్లేదు, ఎందుకంటే ఆఫ్‌రోడ్‌లో సన్నటి బండే మేలు. లాగే కారు వెడల్పుకి దగ్గరగా ఉంటే క్యారవాన్ చక్రాలు కారు వేసిన దారిలోనే వస్తాయి, ఇసుకలో కొత్త గాడి తవ్వుకుంటూ రావు, హై కంట్రీ (విక్టోరియా కొండ ప్రాంతం) అడవి దారుల్లో కొమ్మలు గీసుకోవు, అద్దాల్లో వెనక దారి కనిపిస్తుంది. ఇరుకు గ్యారేజీకి, చెడ్డ రోడ్డుకి ఇక్కడ ఒకే బండి కావాలి.

ఎత్తు విషయంలో మాత్రం రెండింటికీ పడదు. ఆఫ్‌రోడ్ బండి అంటే పెద్ద టైర్లు, కింద నేలకి మంచి ఎడం, అంటే బండి మొత్తం పైకి లేస్తుంది. పాప్‌టాప్ (పైకి లేపి నిలబడే చోటు చేసుకునే కప్పు) మూసినా చాలావాటి ఎత్తు 2.1 దాటిపోతుంది. గ్యారేజీలోనే పెట్టాలని గట్టిగా ఉంటే టియర్‌డ్రాప్‌లు (కన్నీటి చుక్క ఆకారంలో ఉండే పొట్టి బండ్లు), టీవ్యాన్ లాంటి గట్టి డొప్ప ఉండి వెనక గుడ్డ టెంటు తెరుచుకునే క్యాంపర్‌లు, పూర్తిగా కిందికి ముడుచుకునే హైబ్రిడ్‌లు (సగం క్యాంపర్, సగం క్యారవాన్) చూడండి. వీటిలో కూడా ఫలానా మోడల్ పడుతుందో లేదో ప్రయాణపు ఎత్తు అడిగి తెలుసుకోవాలి, అదీ రూఫ్ ర్యాక్, సోలార్ ప్యానెల్, గాలి హ్యాచ్ బిగించిన తర్వాతి ఎత్తు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు నిలబడే ఎత్తు కావాలంటారు, న్యాయమే, కానీ అప్పుడు గ్యారేజీ ఆశ వదులుకుని డ్రైవ్‌వే మీద కవర్ వేసి పెట్టుకోవడం మంచిది.

తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోండి. ఇక్కడి బండ్లకి మామూలుగా తలుపు, ఆనింగ్ (నీడకి తెరిచే గుడ్డ పందిరి), బయటికి లాగే వంటగది ఎడమ వైపు ఉంటాయి. (బయట వంటగది మనకి వరం. తాలింపు ఘాటు పరుపులకి పట్టదు.) ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెరుగు, కూరగాయలు సర్దాలంటే ఎడమ వైపు మనిషి నడిచేంత, కనీసం 60 సెంటీమీటర్లు వదలాలి. కాబట్టి బండిని మధ్యలో కాకుండా, దాని కుడి పక్క గోడకి దగ్గరయ్యేలా జరిపి పెట్టేలా లెక్క వేయండి. సుద్దముక్కతో గ్యారేజీ నేల మీద బండి ఆకారం అచ్చంగా గీసి, తలుపు తెరుచుకునే మేర కూడా గీసి, పక్కన కారు పెట్టి, దాని తలుపు తీసి దిగి చూడండి. ఇంట్లోవాళ్ళందరూ తిరిగి చూస్తే గొడవ అప్పుడే తేలిపోతుంది.

చిన్నది కదా అని తేలికగా ఉంటుందనుకోవద్దు. ఆఫ్‌రోడ్ ఛాసిస్, ట్రెయిలింగ్ ఆర్మ్ సస్పెన్షన్, రెండు నీళ్ళ ట్యాంకులు, లిథియం బ్యాటరీలు కలిస్తే 12 అడుగుల హైబ్రిడ్ కూడా నిండా సామానుతో రెండు టన్నులకి చేరొచ్చు. చూడాల్సింది టేర్ (ఖాళీ బండి బరువు) కాదు, ఏటీఎం, అంటే సామాను, నీళ్ళతో సహా అనుమతించిన పూర్తి బరువు. బ్రేకులున్న ట్రైలర్‌ని ఆల్‌వీల్‌డ్రైవ్ టొయోటా రావ్4 హైబ్రిడ్ కారు 1500 కిలోల వరకే లాగుతుంది, క్లూగర్ 2000. ఆ పైన ప్రాడో లాంటిది కావాల్సిందే. టో బాల్ (కారు వెనక క్యారవాన్‌ని తగిలించే గుండు) మీద పడే బరువు ఏటీఎంలో పదో వంతు చుట్టూ ఉంటుంది, దానికీ కారుకి వేరే పరిమితి ఉంటుంది.

లోపలికి పెట్టడం ఎలాగో కూడా కొనకముందే తేల్చుకోండి. 2.4 డోర్‌లో 2.1 బండి అంటే అటూ ఇటూ జానెడు కూడా ఉండదు, వీధి ఇరుకైతే కారుతో తిన్నగా రివర్స్ చేయడం కుదరదు. టన్నున్నర బండిని వాలు మీద చేతులతో తోయాలని చూడకండి, జారితే ఆపడం మనవల్ల కాదు. మోటారు మూవర్‌కి (కారు లేకుండా బండిని కదిపే మోటారు) అయ్యే డబ్బు మొదటి బడ్జెట్‌లోనే వేసుకోండి, అది మీ వాలు మీద మీ ఏటీఎం లాగుతుందో అడగండి. చక్రాలకి చాక్‌లు (దొర్లకుండా ఆపే అడ్డు దిమ్మలు) పెట్టకుండా కారు నుంచి హిచ్ విప్పొద్దు. గ్యాస్ సిలిండర్లు మూసిన గ్యారేజీలో ఉంచకుండా తీసి బయట గాలి ఆడేచోట పెట్టండి. లోపల ఎండ తగలదు కాబట్టి సోలార్ పనిచేయదు, బ్యాటరీ ఛార్జింగ్‌కి దగ్గర్లో ప్లగ్ పాయింటు ఉండాలి.

బేరం కుదిరాక ప్రయాణపు ఎత్తు, మొత్తం పొడవు, చక్రాల ఫ్లేర్‌లు (చక్రాల పైన బయటికి వచ్చే అంచులు), మడిచిన ఆనింగ్‌తో కలిపి వెడల్పు, ఈ మూడూ అన్ని ఫిట్టింగులతో ఎంత ఉంటాయో ఒప్పందం కాగితంలో రాయించండి. నోటిమాట చాలదు. డెలివరీ రోజు టేపు తీసుకెళ్ళి, మిగతా డబ్బు కట్టకముందే వాళ్ళ ముందే కొలవండి.