వ్యంగ్యం రాసేటప్పుడు తిట్టకండి, లెక్క చెప్పించండి

కట్నాల మీదో, పెళ్లి ఆర్భాటాల మీదో వ్యంగ్యం రాయాలనుకుంటే ముందు ఒక పని చేయండి. పాత్రను మీరు తిట్టడం మానేసి, దాన్నే గర్వంగా మాట్లాడనివ్వండి.

గురజాడ ‘కన్యాశుల్కం’ (తొలి ప్రదర్శన 1892, తిరగరాసిన కూర్పు 1909) చూడండి. చిన్నపిల్లయిన తన కూతురు సుబ్బిని డబ్బుకి ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టడానికి సిద్ధపడిన అగ్నిహోత్రావధాన్లు ఆ బేరం కుదుర్చుకునేటప్పుడు తాను తప్పు చేస్తున్నానని అనుకోడు. మనకు ఒళ్లు మండేది అక్కడే. పైగా ఆ పెళ్లి తప్పించడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకే పెళ్లి చేస్తాడు. డబ్బిచ్చి పిల్లను కొనే బేరం ఎంత దారుణమో ఆ ఒక్క ఎత్తుతో తేలిపోతుంది, ఉపన్యాసం అక్కర్లేదు.

మీరూ అలాగే చేయండి. ‘ధనదాహం’ లాంటి మాట కొట్టేసి, పెళ్లికొడుకు తండ్రి చేత కారు మోడలు, బంగారం తులాలు, ప్లేటు భోజనం రేటు వరసగా చెప్పించండి. అమ్మాయి పేరు మాత్రం ఆయనకు రెండుసార్లు గుర్తు చేయాల్సి రావాలి.

ఇంకొకటి, వెక్కిరింత ఎప్పుడూ బేరమాడేవాడి మీదే ఉండాలి. అప్పు చేసి పెళ్లి చేస్తున్న పిల్ల తండ్రి జోలికి పోకండి.