ఆగిపోయిన భరణం ఎలా రాబట్టుకున్నానంటే (నా అనుభవం)

విడాకుల ఆర్డర్‌లో నెలనెలా భరణం ఇవ్వాలని రాసుంది కదా, ఇంకేం భయం అనుకున్నా. 5 నెలలు మాజీ భర్త సరిగ్గానే వేశాడు, తర్వాత సగం, తర్వాత సున్నా. అడిగితే "వచ్చే నెల చూద్దాం". నా తప్పేంటంటే 9 నెలలు ఫోన్లు, మెసేజ్‌లతోనే గడిపేశా, కోర్టు ఆర్డర్ ఇస్తుందే గానీ డబ్బు పడిందా లేదా అని తనంతట తాను చూడదు, మనమే వెళ్లి చెప్పుకోవాలి, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

చివరికి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) తీసుకుని, బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందేసుకుని ఏ నెల ఎంత రావాలి, ఎంత వచ్చింది, బాకీ ఎంత అని ఒక పట్టిక రాశా. సగం పని దీంతోనే అయిపోయిందన్నారు లాయర్ గారు. కొత్త కేసు కాదు, ఉన్న ఆర్డర్ అమలు చేయమని పిటిషన్ వేశాం. ఉద్యోగం పోయిందన్నాడు, నిజమే, కానీ భరణం తగ్గించమని కోర్టుని ఎప్పుడూ అడగలేదు, పైగా ఇంకో కంపెనీలో చేరాడని తేలింది. ఇక జీతంలోనే కోసి పంపమని ఆ కంపెనీకి ఆర్డర్ వెళ్లింది.

మధ్యలో క్యాష్ ఇస్తానన్నాడు, అకౌంట్‌లోనే వేయమన్నా (లెక్క ఉండాలిగా). పాత బాకీలో ఇంకా 3 కిస్తీలు రావాలి.