ఫిట్స్ ఆపరేషన్‌లో మత్తు: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

కర్నూలులో కొత్తగా మత్తు డ్యూటీల్లోకి వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది. మూర్ఛకు మెదడు ఆపరేషన్ అంటే నేను మొదట అడిగేది స్కాన్ కాదు, మాత్రల చీటీ.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఫిట్స్ వచ్చాయి
కారణం మనమే. ఏమీ తినొద్దు, తాగొద్దు అంటాం, ఇంట్లోవాళ్లు మాత్ర కూడా ఆపేస్తారు. ఆదోని నుంచి వచ్చిన ఒకావిడ కొడుకు మాత్రను కొంగున ముడేసుకుని కూర్చుంది. "పరగడుపున రమ్మంటిరి గదా సార్, ఎయ్యలేదు." న్యూరాలజిస్టు మానమంటే తప్ప, పొద్దుటి మాత్ర గుక్కెడు నీళ్లతో వేయాలని ముందురోజే రాసివ్వండి.

రిలాక్సెంట్ (కండరాలు సడలించే మందు) ఇచ్చిన కాసేపటికే కదిలాడు
ఏళ్లుగా ఫెనిటోయిన్, కార్బమజెపైన్ లాంటి మూర్ఛ మాత్రలు వాడినవాళ్ల కాలేయం వెక్యురోనియం, రోక్యురోనియం అనే రిలాక్సెంట్లను తొందరగా ఖర్చు చేసేస్తుంది. నొప్పి తగ్గించే ఫెంటానిల్ కూడా ఎక్కువ పడుతుంది. తల పిన్నుల్లో బిగించి ఉంది, కదిలితే ప్రమాదం. గడియారం చూసి కాదు, టీవోఎఫ్ (నరానికి చిన్న కరెంటు ఇచ్చి కండరం ఎంత సడలిందో చూసే పరీక్ష) చూసి డోసు వేయండి. మోటార్ మ్యాపింగ్ (మెదడుకు కరెంటు ఇచ్చి కదలికల చోటు గుర్తించడం) ఉంటే మాత్రం ఆ సమయానికి రిలాక్సెంట్ ప్రభావం పూర్తిగా దిగిపోవాలి.

మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టారు, స్పైకులే లేవు
అసలు తలనొప్పి ఇదే. స్పైకులంటే ఫిట్స్ పుట్టేచోటును పట్టిచ్చే, రికార్డింగ్‌లో మొనదేలి కనిపించే గీతలు. సర్జన్ మాస్కు పైనుంచి మనవైపే చూస్తాడు. ఆందోళన తగ్గాలని ఇచ్చిన మిడజోలం, నడుస్తున్న మత్తు ఇంజెక్షన్ ప్రొపోఫోల్ స్పైకుల్ని అణచేస్తాయి, ఎక్కువైన మత్తు వాయువు సెవోఫ్లురేన్ కూడా రికార్డింగ్‌ను తారుమారు చేస్తుంది. మిడజోలం మొదట్నించీ వద్దు. రికార్డింగ్‌కు 15-30 నిమిషాల ముందు ప్రొపోఫోల్ ఆపండి, సెవోఫ్లురేన్‌ను అర మ్యాక్ (మత్తు వాయువు మోతాదు కొలత) కిందికి దించండి, మగత తెచ్చే డెక్స్‌మెడిటోమిడిన్, నొప్పి తగ్గించే రెమిఫెంటానిల్‌తో నెట్టుకురండి. మత్తు పలచనయ్యే ఈ కొద్దిసేపట్లో మాటలు చెవినపడే అవకాశం ఉందని పేషెంటుకు ముందే చెప్పి ఉంచాలి. చాలామంది ఇది ఎగ్గొడతారు.

కార్టెక్స్‌కు (మెదడు పైపొరకు) కరెంటు ఇస్తుంటే ఫిట్
స్టిమ్యులేషన్ ఆపించి, మంచులా చల్లటి సెలైన్ మెదడు మీద పోయించండి. ఆగకపోతే ప్రొపోఫోల్ 10-20 మిల్లీగ్రాములు. అది ఇస్తే రికార్డింగ్ కాసేపు పాడవుతుంది, అందుకే చల్లటి సెలైన్ ముందు. మన మే నెల ఎండల్లో బాటిల్ దానంతటది చల్లబడదు. ముందురోజు సాయంత్రమే ఫ్రిజ్‌లో పెట్టమని సిస్టర్‌కు చెప్పండి.

కేసు అయిపోయింది, లేవట్లేదు
మత్తు మిగిలిందిలే అని కూర్చోకండి. షుగర్, శరీర వేడి చూడండి. కార్బమజెపైన్ వాడేవాళ్లలో సోడియం తగ్గి ఉండొచ్చు. ఒళ్లు కదలకుండానే లోపల ఫిట్స్ నడుస్తుండొచ్చు, అది ఈఈజీలోనే తేలుతుంది. కంటిపాపల్లో తేడా కనిపిస్తే మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా సీటీకి తీసుకెళ్లండి.